జపనీస్ "వా"కి తెలుగులో జోడీ ఉందా? వాక్యం దేని గురించో మనం ఎలా చెబుతాం?

మిణుగురు

అందరికీ నమస్కారం. జపనీస్ నేర్చుకుంటున్నాను, జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్4 స్థాయి కోసం. క్రియ చివర్లో రావడం మనకి అలవాటే, విభక్తుల్లాంటివి పేరు తర్వాత తగిలించడమూ మన పద్ధతే, అందుకని మొదట్లో హాయిగా సాగింది. ఇప్పుడు "వా" దగ్గర ఆగిపోయాను. "తనాకా-సాన్ గా కిమాషిత" అన్నా, "తనాకా-సాన్ వా కిమాషిత" అన్నా నాకు తెలుగులో "తనాకా గారు వచ్చారు" అనే వస్తోంది. పుస్తకంలో "గా" కర్తకి గుర్తు, "వా" వాక్యం దేని గురించో చెప్పే గుర్తు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ "దేని గురించో" అన్నది తెలుగులో ఎక్కడ కనిపిస్తుంది? మనకి అలాంటి గుర్తే లేదా, రోజూ వాడుతూ కూడా గమనించడం లేదా? తెలుగులో దాన్ని పట్టుకోగలిగితే పరీక్షలో ఊహించి పెట్టే టెన్షన్ తప్పుతుంది.

నగోయా_శారద

మిణుగురు గారూ, జపాన్‌లో పిల్లలందరికీ తెలిసిన మొమొతారో కథ మొదటి రెండు వాక్యాలు చూడండి. "ముకాషి ముకాషి, ఒజీసాన్ తో ఒబాసాన్ గా ఇమాషిత." అనగనగా ఒక ముసలాయన, ముసలావిడ ఉన్నారు. ఇక్కడ "గా". వెంటనే తర్వాతి వాక్యంలో ఒజీసాన్ వా కొండకి కట్టెలకి, ఒబాసాన్ వా ఏటికి బట్టలుతకడానికి వెళ్తారు. అవే మనుషులు, ఒక్క వాక్యం తేడాలో "గా" పోయి "వా" వచ్చింది, ఎందుకంటే మొదటి వాక్యంలో వాళ్ళు కథలోకి కొత్తగా వచ్చారు, రెండో వాక్యానికి మనకి తెలిసినవాళ్ళైపోయారు, ఇక వాళ్ళ గురించి ఏదో చెబుతున్నాం.

ఇదే కథ మా అమ్మమ్మ చెబితే రెండో వాక్యం ఇలా ఉండేది: "ముసలాయనేమో కట్టెలకి కొండకి వెళ్ళాడు, ముసలావిడేమో బట్టలుతకడానికి ఏటికి వెళ్ళింది." మొదటి వాక్యంలో ఈ "ఏమో" పెట్టి చూడండి. "అనగనగా ఒక ముసలాయనేమో ఉన్నాడు" అని ఎవరూ కథ మొదలుపెట్టరు. కాబట్టి గుర్తు మనకీ ఉంది.

నిక్కచ్చి

శారద గారి ఉదాహరణ బాగుంది గానీ దాన్నుంచి "గుర్తు మనకీ ఉంది" అనేస్తే ఒప్పుకోలేను. "ఏమో" ఒక్కదానికే రాదు, జంటకి వస్తుంది. "అన్నయ్యేమో వచ్చాడు" అని ఆపెయ్యండి, వినేవాళ్ళు "మరి వదిన?" అని అడుగుతారు. అంటే అది పోలిక గుర్తు. "అయితే" కూడా అంతే, "నేనైతే వెళ్ళను" అంటే ఎవరో వెళ్తున్నారని అర్థం.

"వా" అలా కాదు. "వతాషి వా ఇందోజిన్ దేసు" అని ఎవరైనా తన్ను పరిచయం చేసుకుంటే ఎవరితోనూ పోల్చుకోవడం లేదు. దాన్ని "నేనైతే భారతీయుణ్ణి" అని తెలుగు చేస్తే, పక్కన ఇంకెవరో కాదన్నట్టు, ఏదో గొడవ జరుగుతున్నట్టు ఉంటుంది. పోలిక లేని మామూలు "వా"కి తెలుగులో ఏ ప్రత్యయమూ లేదు, ఖాళీగా వదిలేస్తాం. "నేను భారతీయుణ్ణి." అంతే. మిణుగురు గారికి రెండూ ఒకేలా వినిపించడానికి కారణం అదే. మనం ఆ పని ఎక్కువగా పదాల వరసతో చేస్తాం. "పుస్తకం బల్ల మీద ఉంది" అంటే పుస్తకం సంగతి అడిగితే చెప్పే జవాబు, "బల్ల మీద పుస్తకం ఉంది" అంటే బల్ల మీద ఏముందో చెప్పడం. రష్యన్‌లోనూ ఇంతే, "క్నీగా నా స్తలే", "నా స్తలే క్నీగా".

వాక్యమిత్ర

నిక్కచ్చి గారు చెప్పిన తేడా చాలా ముఖ్యమైనది, జపనీస్ వ్యాకరణకారులు కూడా "వా"ని అలాగే విడదీస్తారు. సుసుము కునో 1973లో ఒక "వా" విషయాన్ని చెప్పేది, ఇంకో "వా" పోలిక చెప్పేది అని, "గా"ని కూడా రెండుగా, జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పేది ఒకటి, "ఇతనే, వేరొకరు కాదు" అని వేలుపెట్టి చూపేది ఇంకొకటి అని పంచాడు. మన "అయితే", "ఏమో" రెండూ పోలిక వైపు పడతాయి. కానీ అంతమాత్రాన అవి "వా"కి చుట్టాలు కావనలేం, ఎందుకంటే "వా" కుదరని చోట్ల ఇవీ కుదరవు, అదే నన్ను ఆశ్చర్యపరిచే సంగతి.

ప్రశ్న పదాలు తీసుకోండి. జపనీస్‌లో "దారె గా కిమాషిత కా" అనాలి, "దారె వా" అనకూడదు. ఎవరో తెలియకే కదా అడుగుతున్నాం, తెలియనివాళ్ళ గురించి ఏం చెబుతాం? తెలుగులో "ఎవరైతే వచ్చారు?" అని అడగండి. కుదరదు. "ఎవరేమో వచ్చారు?" అసలు కుదరదు. "ఎవరైతే ముందు వస్తారో వాళ్ళకే సీటు" అన్నది వేరే నిర్మాణం, అది ప్రశ్న కాదు.

మిణుగురు

ఇది నాకు బాగా ఉపయోగపడేలా ఉంది. కానీ నిక్కచ్చి గారు చెప్పినట్టు పోలిక లేని "వా" ఖాళీగా ఉండిపోతే, పరీక్షలో ఏది పెట్టాలో తెలుగు నాకు ఎలా చెబుతుంది? ఇంకో చిక్కు, ఒకే వాక్యంలో "వా", "గా" రెండూ వస్తున్నాయి. "వతాషి వా అతామా గా ఇతాయ్." ఇద్దరు కర్తలా ఇక్కడ?

నగోయా_శారద

ఆ రెండో దానికి తెలుగు సూటిగా సాయం చేస్తుంది. "వతాషి వా అతామా గా ఇతాయ్" అంటే నాకు తలనొప్పిగా ఉంది. ఇప్పుడు వరసగా చూడండి.

"వతాషి వా నెకో గా సుకి దేసు": నాకు పిల్లులంటే ఇష్టం.
"వతాషి వా నిహొంగో గా వకారిమాసు": నాకు జపనీస్ అర్థమవుతుంది.
"వతాషి వా ఒకానె గా హొషీ దేసు": నాకు డబ్బు కావాలి.
"వతాషి వా క్యోదాయ్ గా ఫుతారి ఇమాసు": నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు.

మనం "కి" పెట్టి ముందుకి తెచ్చినవాళ్ళు అక్కడ "వా" అయ్యారు, ఏ విభక్తీ లేకుండా రెండోది వచ్చిన చోట అక్కడ "గా" వచ్చింది. ఇష్టం, నొప్పి, రావడం, అర్థమవడం, కావడం, ఉండడం, ఇలాంటి మాటలతో ఇది దాదాపు కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు "నేను ఇష్టపడతాను" అన్న నమూనాలో పడి పిల్లికి కర్మ గుర్తు "ఒ" పెట్టి తంటాలు పడతారు, తెలుగు మీదుగా వెళ్తే ఆ బాధే లేదు. జపనీస్ నేర్చుకునే తెలుగు పిల్లలకి ఇది మొదటి నెలలోనే ఎవరైనా చెబితే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

పాతపుస్తకాల_రావు

అమ్మా శారదా, చక్కగా చెప్పావు. ఇదే విషయం మీద అకిరా మికామి అని ఆ దేశంలో ఒకాయన పెద్ద వాదమే చేశాడు. వృత్తిరీత్యా హైస్కూల్లో లెక్కల మాస్టారు. 1960లో వచ్చిన ఆయన పుస్తకం పేరే ఒక వాక్యం, "జో వా హనా గా నగాయ్". మనమైతే "ఏనుగుకి తొండం పొడుగు" అంటాం. జపనీస్‌కి కర్త అనే యూరోపియన్ ఊహ అక్కర్లేదు, "వా"తో ఒక విషయాన్ని ముందు పెట్టుకుని దాని గురించి చెప్పడమే ఆ భాష పద్ధతి అని ఆయన వాదం.

మన పాత సంప్రదాయంలోనూ వెతకండి. గీత రెండో అధ్యాయంలో "ఏషా తేఽభిహితా సాంఖ్యే బుద్ధిర్యోగే త్విమాం శృణు" అని ఉంది కదా. అందులో "తు" చూడండి. సాంఖ్యంలో చెప్పాను, యోగంలో అయితే ఇది విను. ఒక విషయం వదిలి ఇంకో విషయం ఎత్తుకోవడానికి ఆ ఒక్క అక్షరం సరిపోయింది. చిన్నప్పుడు "తు" అంటే "అయితే, కానీ" అని బట్టీ పట్టించారు గానీ అది ఏ మాట తర్వాత కూర్చుంటుందో గమనించమని ఎవరూ చెప్పలేదు. "యోగే" తర్వాత కూర్చుంది, ఎత్తుకున్న కొత్త విషయం పక్కనే.

జనగామ_పోరడు

నేను కొరియన్ డ్రామాలు చూసి చూసి ఆ భాష మొదలుపెట్టిన. అక్కడ కూడా సేమ్, "నున్/ఉన్" విషయానికి, "ఇ/గా" కర్తకి. ఏనుగు వాక్యం కూడా ఉంది, "కొక్కిరి నున్ కో గా కిల్దా". కానీ నాకు బాగా నచ్చింది వేరే. కొరియన్‌లో క్రియకే విషయం గుర్తు తగిలిస్తారు. "మొక్కి నున్ మొగొత్చిమన్" అంటే "తినుడైతే తిన్న గానీ". ఈ ముక్క విన్నప్పుడు నాకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని పడలేదు. మా ఇంట్లో రోజుకోసారి వినబడుతది: "వచ్చుడైతే వచ్చిండు గానీ పని చెయ్యలే." క్రియని పేరుగా మార్చు, "అయితే" తగిలించు, మళ్ళీ అదే క్రియ, చివర "గానీ". మెట్టు మెట్టుకీ ఒకటే పద్ధతి.

నిక్కచ్చి

ఇది బాగుంది. ఆంధ్ర వైపు "రావడమైతే వచ్చాడు గానీ" అంటాం. "రావడం వచ్చాడు గానీ" అని "అయితే" లేకుండా కూడా అంటాం, అది కూడా గమనించండి, మళ్ళీ ఖాళీయే ఆ పని చేస్తోంది.

సరే, ఇప్పుడు అసలు పరీక్ష. చైనీస్‌లో "ఈ చెట్టు, ఆకులు పెద్దవి" లాంటి వాక్యాలు సర్వసాధారణం, చార్లెస్ లీ, శాండ్రా థామ్సన్ 1976లో ఇలాంటివి చూపించి, కొన్ని భాషలు కర్త చుట్టూ, కొన్ని విషయం చుట్టూ అల్లుకుంటాయని రాశారు. తెలుగులో "ఈ చెట్టు ఆకులు పెద్దవి" ఎలాగూ అంటాం కాబట్టి మనదీ అదే కోవ అని కొందరు తొందరపడతారు. కానీ "చెట్టు" అన్న మాట ఇక్కడ మోసం చేస్తుంది, "చెట్టు యొక్క" అన్నా "చెట్టు"గానే ఉంటుంది. రూపం మారే మాట తీసుకోవాలి. ఇల్లు తీసుకోండి. "ఆ ఇంటి గోడలు బీటలు వారాయి" అంటాం. "ఆ ఇల్లు గోడలు బీటలు వారాయి" అంటామా?

వాక్యమిత్ర

పరీక్ష అంటే ఇలా ఉండాలి, నిక్కచ్చి గారూ. ఒక్క గుక్కలో చదివితే "ఆ ఇల్లు గోడలు" నాకూ తప్పుగానే వినిపిస్తుంది. కానీ "ఆ ఇల్లూ..." అని కొంచెం సాగదీసి, గొంతు పైకి లేపి, ఆగి, "గోడలన్నీ బీటలు వారిపోయాయి" అంటే మాట్లాడేటప్పుడు నడుస్తుంది. రాతలో ఆ సాగదీత కనబడదు కాబట్టి తప్పులా ఉంటుంది. అమెరికన్ సైగల భాషలో ఇదే పని కనుబొమ్మలు చేస్తాయి, విషయాన్ని చెప్పే సైగ చేస్తున్నంతసేపూ కనుబొమ్మలు పైకి లేపి ఉంచి, తర్వాత దించి మిగతాది చెబుతారు. గుర్తు అంటే ప్రత్యయమే కానక్కర్లేదు.

పైగా మనకి ఇంకో దారి ఉంది, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. "ఆ ఇల్లు లేదూ, గోడలన్నీ బీటలు వారిపోయాయి." "మన పోస్టుమాన్ లేడూ, ఆయన కూతురికి పెళ్ళట." ఇల్లు ఉంది, పోస్టుమాన్ ఉన్నాడు, అయినా "లేడూ" అంటాం! "ఉన్నాడు చూడూ", "ఉన్నాడే" అన్నా అదే పని. వినేవాళ్ళ బుర్రలో ఆ మనిషి ఉన్నాడో లేడో ముందు తట్టి చూసి, వాళ్ళు "ఆఁ" అన్నాక అసలు సంగతి చెప్పడం. "వా" పెట్టాలంటే వినేవాళ్ళకి ఆ మనిషి ముందే తెలిసి ఉండాలి కదా, తెలుసో లేదో అనుమానమున్నప్పుడు మనం ఈ "లేడూ"తో తేల్చుకుంటాం. నా మట్టుకు నాకు తెలుగు వాక్యంలో ఇంతకంటే అందమైన ఏర్పాటు లేదు, మన వ్యాకరణ పాఠాల్లో దీనికి ఒక పేజీ కూడా ఇవ్వకపోవడం బాధగా ఉంటుంది.

గల్ఫ్_గోదావరి

దుబాయ్ నుంచి. మా ఆఫీసులో ఫిలిప్పీన్స్ వాళ్ళు చాలామంది, వాళ్ళ తగలోగ్‌లో ఇంకో రకం ఉంది. "బుమిలి అంగ్ బబాయె నంగ్ ఇస్దా" అంటే ఆవిడ చేప కొంది. "బినిలి నంగ్ బబాయె అంగ్ ఇస్దా" అంటే ఆ చేపని ఆవిడ కొంది. "అంగ్" ఎవరి మీద ఉంటే దానికి తగ్గట్టు క్రియ రూపమే మారిపోతుంది. ఆ "అంగ్"ని కర్త అనాలా విషయం అనాలా అని పండితులు ఇంకా తేల్చుకోలేదట. మనకి క్రియ అంత దూరం వెళ్ళదు గానీ, "పెసరట్టు ఎవరండీ?" అని సర్వర్ అడిగితే "నేను" అని చెయ్యెత్తుతాం కదా, అది ఏ లెక్కలోకి వస్తుంది?

నగోయా_శారద

గల్ఫ్ అన్నయ్యా, సరిగ్గా ఆ లెక్కలోకే! జపాన్‌లో హోటల్లో "బొకు వా ఉనాగి దా" అంటారు, మాటకి మాట పెడితే "నేను పాముచేప". అంటే నా సంగతికొస్తే, పాముచేప. దీని మీద అక్కడ బోలెడు చర్చ జరిగింది.

వాక్యమిత్ర

ఇప్పుడు నేను ఈ చర్చలో చెప్పాలనుకున్న అసలు మాట. "అయితే" ఎక్కడి నుంచి వచ్చింది? "అవు"కి "తే" చేర్చితే వచ్చింది, వస్తే, చేస్తే, తింటే లాగానే. అంటే షరతు. "నేనైతే వెళ్ళను" అన్నదాన్ని అక్షరాలా విప్పితే, "నేను అయిన పక్షంలో, వెళ్ళను". షరతు చెప్పే రూపం విషయాన్ని చెప్పే గుర్తు ఎలా అయింది?

ఇది తెలుగు ఒక్కదానికే కాదు. టర్కిష్‌లో "అలీ ఓరెత్మెన్, ఆయ్షే ఇసె దొక్తోర్", అలీ టీచరు, ఆయ్షే అయితే డాక్టరు. ఆ "ఇసె" కూడా "అగు" లాంటి ధాతువుకి షరతు ప్రత్యయం తగిలిస్తే వచ్చిందే, అచ్చం మన "అయితే". హిందీలో "తుమ్ ఆఓగే తో" అని షరతు వాక్యాన్ని ముడివేసే "తో"యే "మైఁ తో జాఊంగా"లోనూ వస్తుంది. పాపువా న్యూగినీలో హువా అనే భాషలో షరతుకీ విషయానికీ ఒకటే ప్రత్యయం, "మో". ఆ భాష మీద పనిచేసిన జాన్ హైమన్ 1978లో షరతులు విషయాలే అని ఒక వ్యాసం రాశాడు. ఆయన వాదన సారాంశం నా మాటల్లో: "వర్షం వస్తే" అన్నప్పుడు మనం వర్షం వస్తుందని చెప్పడం లేదు, కాసేపు అది ఉందని ఇద్దరం ఒప్పుకుని, దాని మీద నిలబడి మిగతాది చెబుతున్నాం. విషయం కూడా అదే కదా, "పోస్టుమాన్ లేడూ" అని ముందు ఒప్పించి, తర్వాత చెప్పడం.

పాతపుస్తకాల_రావు

వాదన గట్టిగానే ఉంది, కానీ సంస్కృతం "తు" షరతు నుంచి రాలేదు, షరతుకి "చేత్", "యది" వేరే ఉన్నాయి. కాబట్టి ప్రతి భాషా ఈ దారిలోనే వచ్చిందనకు, బాబూ.

వాక్యమిత్ర

అనను రావు గారూ. ఇది ఒక దారి, కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషలు మళ్ళీ మళ్ళీ తొక్కిన దారి. మిణుగురు గారికి ఎదురు దిక్కు నుంచి కూడా ఒకటి చూపిస్తాను, ఎన్4 లోపు వచ్చేదే: "తాబెతె వా ఇకెమాసెన్".

మిణుగురు

"తినకూడదు". అయ్యో, ఇందులో "వా" ఉంది! ఇన్నాళ్ళూ "తెవా ఇకెమాసెన్" మొత్తం ఒక ముద్దగా గుర్తుపెట్టుకున్నాను. "తింటే కుదరదు" అన్నమాట. మనకి "తే" షరతు నుంచి విషయానికి వెళ్తే, అక్కడ విషయం గుర్తు షరతు పని చేస్తోంది. మరి "తాబెనాకెరెబా నారిమాసెన్" అంటే "తినకపోతే కుదరదు". ఇంత దగ్గరగా ఉన్నదాన్ని నేను ఇంగ్లీషు అర్థాలు పక్కన రాసుకుని చదువుతున్నాను.

సరే, ఇప్పుడు ఈ మూడు చూసి చెప్పండి. ఒకటి, "ఎవరు వెళ్తారు?" అంటే "నేను వెళ్తాను". రెండు, "నువ్వు రేపు ఏం చేస్తావు?" అంటే "నేను ఊరెళ్తాను". మూడు, "నేను కొన్న పుస్తకం". మొదటిదానికి "గా", రెండోదానికి "వా" అనుకుంటున్నాను. మూడోది తెలియలేదు.

నగోయా_శారద

మొదటి రెండూ సరే. మొదటిది తెలుగులో "నేనే వెళ్తాను", "వెళ్ళేది నేను" అని మార్చినా అర్థం చెడదు, అలా మార్చగలిగితే "గా" పెట్టండి. రెండోదాన్ని "ఊరెళ్తాను" అని "నేను" తీసేసినా నడుస్తుంది, తీసేయగలిగితే "వా" పెట్టండి, లేదా అక్కడా తీసేయండి, నిజానికి జపాన్‌లో మాట్లాడేటప్పుడు తీసేస్తారు. నిక్కచ్చి గారు ఖాళీ అన్నది మీకు ఇలా పనికొస్తుంది.

నిక్కచ్చి

మూడోదానికి తెలుగే జవాబు చెబుతుంది. "నేనైతే కొన్న పుస్తకం" అని చూడండి, పలకదు. "నేనేమో కొన్న పుస్తకం", అదీ పలకదు. పేరుకి విశేషణంగా వచ్చే ముక్కలో "అయితే" ఇమడదు, అక్కడ "వా" కూడా ఇమడదు. "వతాషి గా కత్తా హోన్". కానీ "అని" ముందు వచ్చే ముక్కలో "అయితే" హాయిగా ఇముడుతుంది, "రవి అయితే రాడని అనుకుంటున్నాను".

మిణుగురు

అంటే "తో ఒమోఇమాసు" (అని అనుకుంటున్నాను) ముందు "వా" రావచ్చా? "తనాకా-సాన్ వా కొనాయ్ తో ఒమోఇమాసు"?

నగోయా_శారద

రావచ్చు, అది సరైన వాక్యమే. "తొకి" (అప్పుడు) ముందు వచ్చే ముక్కలు కూడా ఇలాగే పరీక్షించి చూడండి, "నేను వచ్చినప్పుడు" అన్నదాంట్లో "అయితే" ఎక్కడ పెట్టగలరో.

మిణుగురు

"నేనైతే వచ్చినప్పుడు" కుదరదు, "నేను వచ్చినప్పుడైతే" కుదురుతుంది. కాబట్టి లోపల "గా", మొత్తం ముక్కకి చివర "వా". "వతాషి గా కిత తొకి వా". పుస్తకంలో చూశాను, అలాగే ఉంది.